పియోంటెక్ ముక్కు

ఏవాల్ట్ పియోంటెక్ దేన్నయినా ముందు వాసన చూస్తాడు. కొత్త చేతితొడుగులైనా, ఫోర్‌మన్ సంతకం పెట్టిన సెలవుచీటీ అయినా ముక్కు దాటాకే జేబులోకి వెళ్ళాలి. ఓబర్‌హౌజెన్ ఊళ్ళోని ఆల్కహాల్ ప్లాంటులో ఆ ఆపరేటరు ముక్కుకున్న మర్యాద ఇంజనీర్లకు కూడా లేదు.

ఆ ఆల్కహాల్ తాగడానికి పనికిరాదు. ప్రొపిలీన్ అనే వాయువును ముందు కంపుకొట్టే ఆల్డిహైడ్‌గా మార్చి, దానికి హైడ్రోజన్ పట్టించి తీస్తారు. దాంతో చేసిన ప్లాస్టిసైజర్ కలిస్తేనే కరెంటు తీగల తొడుగు మెత్తగా వంగుతుంది. ఆల్డిహైడ్ కాస్త మిగిలినా సరుకు పసుపురంగుకు తిరుగుతుంది. మిగిలిందో లేదో తేల్చడం ల్యాబులో డెట్మార్ విల్మ్స్ పని.

డెట్మార్ కడుపు మండేది అక్కడే. మూడేళ్ళు చదివి, యంత్రం ముందు కూర్చుని అంకె తేల్చి పంపితే, ఫోర్‌మన్ గ్రూటర్ ఆ కాగితం మడిచి, “ఏవాల్ట్ ఏమన్నాడు?” అనేవాడు. ఏవాల్ట్ సీసా పైకెత్తి, కళ్ళు మూసుకుని, ఒక్కోసారి ముక్కు ఒప్పుకోవట్లేదు, ఇంకోసారి చూడమనేవాడు. అలా అన్న ప్రతిసారీ ముక్కే గెలిచేది.

డెట్మార్ ఇంట్లో సాధన మొదలెట్టాడు. వెనిగర్, బూటు పాలిష్, అత్తగారి సెంటు వరసగా పీల్చాడు. తలనొప్పి వచ్చింది. భార్య డాక్టరుకు చూపించుకోమంది.

ఒకసారి ట్యాంకర్ గేటు దగ్గరుండగా ముక్కు అడ్డం పడింది. డెట్మార్ పళ్ళు కొరుకుతూ మళ్ళీ పరీక్షించాడు. పొద్దున తను యంత్రంలో వేసింది నిన్నటి సీసాలోదని తేలింది. ట్యాంకర్ ఆగింది. అందరూ ముక్కును మెచ్చుకున్నారు, పొరపాటు ఎవరిదని ఒక్కరూ అడగలేదు. డెట్మార్ ఏడుపు రెట్టింపైంది.

ఆ వేసవిలో ఏవాల్ట్ డెట్మార్‌ను తన తోటకు భోజనానికి పిలిచాడు. పెనం మీద బంగాళాదుంప అట్లు మాడి బొగ్గవుతున్నాయి. పక్కనే వీపు తిప్పి కూర్చున్న ఏవాల్ట్ తన పెంపుడు పావురాల కబుర్లలో మునిగిపోయాడు. భార్య రోస్విత పరుగున వచ్చి పెనం దించింది.

“నీకు తెలీదా డెట్మార్? పదహారో ఏట జ్వరమొచ్చి ఈయన ముక్కు పోయింది. గులాబీకీ గుర్రపు లద్దెకీ తేడా తెలీదు.”

ఏవాల్ట్ చెవులు ఎర్రబడ్డాయి. హైడ్రోజన్ ఖర్చు తగ్గిన పూట ఆల్డిహైడ్ మిగిలి తీరాలని, ఆ తగ్గుదల తను కూర్చునే కంట్రోల్ రూములోనే కనిపిస్తుందని గొణిగాడు.

“మరి ఆ మాటే చెప్పొచ్చుగా?” అన్నాడు డెట్మార్.

“అంకె తప్పంటే ఎవరు రాశారని అడుగుతారు. ముక్కు ఒప్పుకోలేదంటే ఎవర్నీ అడగరు. నీకేమో చిన్నపిల్లలున్నారు.”

డెట్మార్ మాడిన అట్టు తినేశాడు. ఇన్నాళ్ళూ లేని ముక్కును చూసి కుళ్ళుకున్నాడు. ఇప్పుడు ఆ మనసును చూసి కుళ్ళుకోవాలి, అది ఇంకా కష్టం.

సోమవారం గ్రూటర్ మామూలు ప్రశ్న వేయగానే, డెట్మారే సీసా తీసుకెళ్ళి ఏవాల్ట్‌కు అందించాడు. ఏవాల్ట్ కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చి, బాగుందన్నాడు.

మూత తీయడం ఇద్దరూ మరిచిపోయారు.