స్టాలిన్‌గ్రాడ్ చెరువులు

ఎడపల్లి సాయారెడ్డి చెరకు సాగు మానేసి, బోధన్‌లో ఇల్లు కట్టుకుని చరిత్రకారుడయ్యాడు. అందుకు ఆయనకు ఒక ఫోను, బోలెడంత తీరిక సరిపోయాయి. స్టాలిన్‌గ్రాడ్ యుద్ధం మీద నెట్‌లో దొరికిన ఇంగ్లిషు వ్యాసాలను ఆ ఫోనుతోనే తెలుగు చేయించి, ఒక్క ముక్కయినా సరిచూడకుండా ఉపన్యాసం తయారు చేసుకున్నాడు. ఇంగ్లిషులో చెరువునూ ట్యాంకే అంటారు గనక, యుద్ధ ట్యాంకు ఉన్న ప్రతిచోటా ఫోను చెరువు అని రాసింది.

కాలనీ సంఘం సభలో ఆయన గొంతు పెంచి చదివాడు. "వందల చెరువులు మంచులో ముందుకు కదిలాయి. వాటిని చూసి శత్రువులు వణికిపోయారు!"

జనం చప్పట్లు కొట్టారు. సంఘం అధ్యక్షుడు మైకు అందుకుని మండిపడ్డాడు. "రష్యోళ్లు యుద్ధంల చెరువులనే నడిపిచ్చిండ్రు. మనోళ్లు ఉన్న చెరువుల పూడిక గూడ తీస్తలేరు!"

మళ్లీ చప్పట్లు.

ఇంటికొచ్చాక భార్య రాజవ్వ అడిగింది. "ఏమయ్యా, చెరువు ఎట్ల నడుస్తది?"

సాయారెడ్డి ఫోను తీసి, ఇంగ్లిషు వ్యాసంలోని బొమ్మను మొదటిసారి చూశాడు. ఫిరంగి బిగించిన ఇనుప బండి కనిపించింది. పొరపాటు తెలిసిపోయింది. కానీ అప్పటికే కాలనీలో పెద్దమనిషి అయిపోయాడు.

"రష్యాల చలి ఎక్కువనే. చెరువు గడ్డకట్టి జారుకుంట పోతది."

"మరి అండ్ల చేపలో?"

"నీకు చరిత్ర తెల్వది, ఊకో" అని కసిరాడు.

మర్నాడు గడ్డకట్టిన చెరువుల మీద ఒక వ్యాసం రాసి నెట్‌లో పెట్టాడు. స్టాలిన్‌గ్రాడ్ గురించి తెలుగులో వెతికేవాళ్లకు ఇప్పుడు ముందుగా అదే దొరుకుతోంది.