కూలినవాడే ముందు

మా సంఘం వార్షిక సమావేశం ఇకనుంచి మూడేళ్ళకొకసారట. మూడేళ్ళకొకసారి జరిగేదాన్ని వార్షికం అని ఎలా అంటారో ఆ తీర్మానం చేసిన పెద్దలే చెప్పాలి. అది జరిగి చాలా నెలలైంది. నాకు మాత్రం ఒళ్ళు మండుతూనే ఉంది. ఆ సంగతి వదిలెయ్యండి, బీపీ పెరుగుతుంది అంటుంది మా ఆవిడ. పెరగనీ.

మాది విమానాల సంఘం. మనుషులెక్కే విమానాలు కావు. బాల్సా అనే తేలిక చెక్కతోనూ ఫోమ్ షీట్లతోనూ ఇంట్లో కూర్చుని చేసుకుని, రిమోట్‌తో ఎగరేసే చిన్న విమానాలు. విశాఖ స్టీల్ ప్లాంటులో నాలాంటి వాళ్ళూ, పోర్టులో పనిచేసేవాళ్ళూ, మధురవాడ ఐటీ ఆఫీసుల్లో కుర్రాళ్ళూ ఇందులో సభ్యులు. ఊరు మొత్తం మమ్మల్ని పిల్లచేష్టల వాళ్ళుగానే చూస్తుంది. మా నాన్న గోదావరి జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చినవాడు. నా విమానాలు చూసి, గాలిపటం ఎగరేసే వయసు ఎప్పుడో దాటిపోయింది కదరా అనేవాడు. ఆయన మీద నాకెప్పుడూ కోపం రాలేదు. కోపమంతా మా కార్యదర్శి కోసం దాచిపెట్టుకున్నట్టున్నాను.

ఏటా కోతలయ్యాక, ఆనందపురం దగ్గర ఒక పొలంలో మా సమావేశం జరిగేది. ఆ పొలం మా సంఘంలోనే ఒకతనిది. అతన్ని నేను బావ అంటాను, అతను నన్ను బావ అంటాడు. చుట్టరికం ఏమీ లేదు, ప్లాంటులో ఒకే షాపులో, అంటే ఒకే విభాగంలో పనిచేస్తాం, అంతే. వరి కోసేశాక వాళ్ళ అన్నదమ్ములు పొలమంతా మినుములు చల్లి, ఒక్క మడి మాత్రం మా కోసం ఖాళీగా వదిలేవారు. అదే మా రన్‌వే. పొద్దున్నే ఉప్మా, టీ. సముద్రపు గాలి ఊపందుకునే లోపల ఎగరేసుకోవడం, మధ్యాహ్నం చెట్టు కింద భోజనాలు, ఎవరి విమానం ఎందుకు కూలిందో దాని మీద వాదనలు.

మాకో ఆచారం ఉంది. నిరుడు ఎవరి విమానం కూలిందో ఈ ఏడు మొదట ఎగరేసేది వాళ్ళే. ముఖ్య అతిథులూ జ్యోతి వెలిగించడాలూ మాకు లేవు. విరిగిన రెక్క అతికించుకుని వచ్చినవాడు విమానాన్ని పైకి లేపితే అందరం చప్పట్లు కొట్టేవాళ్ళం, సమావేశం మొదలైనట్టే. అందుకే ఏటా జరగాలంటాను. విమానం కూలిన బాధ ఏడాది వరకు ఉంటుంది, ఆ ఊపులో మనిషి రాత్రీ పగలూ కూర్చుని బాగు చేస్తాడు. మూడేళ్ళు గడువిచ్చారంటే దాన్ని అటక మీద పడేస్తాడు. మా విశాఖ ఉప్పుగాలికి అటక మీద చెక్క వంకర పోతుంది, బ్యాటరీ ఉబ్బిపోతుంది, చేతులు ఎగరేసే పని మర్చిపోతాయి. ఈ మాట ఎంత చెప్పినా ఎవడి చెవికీ ఎక్కలేదు.

కిందటి సమావేశంలో కూలింది బావ విమానం. మా అందరికీ ఆశ్చర్యమే, ఎందుకంటే మాలో అందరికన్నా చెయ్యి తిరిగినవాడు అతను. అతను చేసిన తప్పు కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేసేది. విమానం మన నుంచి దూరంగా వెళ్తున్నప్పుడు దాని కుడీ మన కుడీ ఒకటే. అది తిరిగి మనకేసి వస్తున్నప్పుడు దాని కుడి మనకు ఎడమ అవుతుంది. ఇది మర్చిపోయి రిమోట్ తిప్పితే సరిగ్గా వ్యతిరేకంగా పోతుంది. విమానం బావకేసి వస్తోంది. వెళ్తోందనుకుని తిప్పాడు. అది నేరుగా పోయి సరుగుడు చెట్లలో పడింది. గాలి మళ్ళిందిలే అని అందరూ సర్దిచెప్పారు. బావ కూడా గాలే అన్నాడు.

నా బండి మీద వెనక్కి వస్తూ దారిలో ఆపమన్నాడు. హైవే పక్కన నిలబడి అప్పుడు చెప్పాడు. కళ్ళు పోతున్నాయట. చుట్టుపక్కల చూపు ఎప్పుడో తగ్గిందట, ఇప్పుడు మధ్యలో ఉన్నదీ మసకబారుతోందట. పోయింది తిరిగి రాదనీ, వచ్చే ఏడాదికి కొంత మిగలొచ్చు గానీ ఆ పైన చెప్పలేమనీ డాక్టరు అన్నాడట.

"ఎవుడికీ సెప్పకు బావ. వచ్చే ఏడు రూలు పెకారం ముందు నానే కదా. ఒక్కసారి నా కళ్ళతో సూసుకుని సక్కగా దింపేత్తాను. ఆ తరవాత మానేత్తాను."

చెప్పనని మాటిచ్చాను. అతనికి కావలసింది ఒక్కటే, అందరి ముందూ ఇంకొక్కసారి ఆ విమానాన్ని తన చూపుతో నేలకు దించడం. జాలి చూపులు అతనికి అక్కర్లేదు.

ఆ ఎండాకాలంలోనే మా కార్యదర్శికి కొత్త ఆలోచన పుట్టింది. ఆయనకు ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటరు ఉంది. మమ్మల్నందరినీ అక్కడి క్లాసురూముకి పిలిచి బెంచీల మీద కూర్చోబెట్టాడు. బోర్డు ముందు నిలబడి పాఠం మొదలుపెట్టాడు. ఏటా అవే ముఖాలు, అదే ఉప్మా, అదే మడి అన్నాడు. సెలవులు దొరకడం లేదన్నాడు, ఎగరేయడానికి కావలసిన అనుమతుల కోసం ఆఫీసుల చుట్టూ తిరగలేకపోతున్నానన్నాడు. మూడేళ్ళకొకసారైతే సిటీలో పెద్ద హోటల్లో ఘనంగా చెయ్యొచ్చట, వేరే రాష్ట్రాల నుంచి మనుషుల్ని పిలవొచ్చట, ఇక ఎగరేయడమంటారా, అది తెర మీద చూపించవచ్చట. అరుదుగా జరిగితేనే విలువ అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నిలబడ్డాను. హోటల్ హాల్లో సీలింగ్ ఫ్యాన్ కింద విమానం ఎలా ఎగురుతుందండీ అని అడిగాను. అనుమతుల కోసం నేను తిరుగుతాను, ఉప్మా వద్దంటే ఇడ్లీ పెడదాం, ఏటా మాత్రం ఆపకండి అన్నాను. నా గొంతు పెరిగిపోయిందని నాకే తెలుస్తోంది. వెనక బెంచీలో ఎవరో నవ్వారు.

"మీకెందుకండీ అంత తొందర? మూడేళ్ళు ఎంతలో తిరిగొస్తాయి?" అన్నాడు కార్యదర్శి, మారాం చేసే పిల్లాడితో మాట్లాడుతున్నట్టు.

ఎందుకో చెప్పడానికి నాకు హక్కు లేదు. బావ నా పక్కనే కూర్చుని ఉన్నాడు. నా చొక్కా పట్టుకుని కిందికి లాగాడు. కూర్చున్నాను.

చేతులెత్తించి లెక్కపెడితే తర్వాత మాట మారుస్తారని, అందరూ వచ్చి బోర్డు మీద టిక్కు పెట్టాలన్నాడు కార్యదర్శి. బోర్డు మధ్యలో గీత గీసి, ఒకవైపు ఏటా అనీ, రెండోవైపు మూడేళ్ళకనీ రాశాడు. ఆ తర్వాత మాకేసి తిరిగి, రెండు చేతులూ చాపి, ఏటా కావాలంటే ఎడమవైపు, మూడేళ్ళకైతే కుడివైపు అన్నాడు. అవి ఆయన ఎడమా, ఆయన కుడీ. మాకు సరిగ్గా తిరగబడి ఉన్నాయి. అయినా ఏం ఫరవాలేదు, ఎదురుగా బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంది, చదవగలిగేవాళ్ళకి.

అందరికన్నా ముందు బావ లేచాడు. అంత ఉత్సాహంగా లేస్తాడని నేననుకోలేదు. బెంచీల అంచులు తడుముకుంటూ వెళ్ళి, సుద్దముక్క తీసుకుని, తన ఎడమవైపుకు జరిగి, మూడేళ్ళకు అన్నదాని కింద ఇంత పెద్ద టిక్కు పెట్టాడు.

గదంతా ఒక్కసారి నవ్వు. కార్యదర్శి చప్పట్లు కొట్టాడు. చూశారా, పొలం ఇచ్చే ఆయనే మూడేళ్ళకంటున్నాడు, ఇంక మీకేం అభ్యంతరం అని నన్నడిగాడు. నేను లేచి, ఆయన పొరబడ్డాడు అన్నాను. ఆ మాట ఆయన్నే చెప్పమనండి అన్నాడు కార్యదర్శి. బావ సుద్దముక్కతో అక్కడే నిలబడిపోయాడు. ఏదో తేడా జరిగిందని ఆ నవ్వుల్ని బట్టి అతనికి అర్థమైంది. పొరబడ్డానంటే ఎలా పొరబడ్డావని అడుగుతారు. అంత పెద్ద అక్షరాలు కనబడలేదా అంటారు.

"పెట్టిందేటో పెట్టేసినాను. ఉండనియండి," అన్నాడు.

ఆ తర్వాత ఒక్కొక్కరే వెళ్ళి ఆ వైపే టిక్కులు పెట్టారు. అతను సరైన వైపు పెట్టినా ఓడిపోయేవాళ్ళమేమో, నాకు తెలియదు. ఏటా కింద గట్టిగా టిక్కు పెట్టాను, సుద్దముక్క విరిగింది. చివర్లో పెట్టిన సమోసాలు తినకుండా ఇద్దరం మెట్లు దిగిపోయాం. నడుస్తూ ఆర్టీసీ కాంప్లెక్సు బస్టాండు దాకా వచ్చాం. అక్కడ టీ తాగుతూ అడిగాడు.

"తప్పు సైడుకి ఎల్లినానేటి బావ?"

ఆయన మనకేసి తిరిగి చెప్పాడు కదా అన్నాను. అంతకు మించి చెప్పక్కర్లేకపోయింది.

"అయితే అదీ ఎదురొచ్చే ఇమానమే అన్నమాట," అన్నాడు. నవ్వాడు కూడా. నాకు నవ్వు రాలేదు. వెనక్కి వెళ్ళి ఆ బోర్డు పగలగొట్టాలనిపించింది. బావ మీద కూడా కోపం వచ్చింది, అంత గుట్టు ఎందుకని. మనిషికి కళ్ళు పోవడం సిగ్గుపడే విషయమా? అడగలేదు గానీ, ఇప్పటికీ నా మనసులో ఆ ప్రశ్న ఉంది.

కోతలయ్యాయి. ఈ ఏడు సమావేశం లేదని బావ ఇంట్లో చెప్పలేదట. చెప్పినా వినేవాళ్ళలా లేరు. వాళ్ళ అన్నదమ్ములు మినుములు చల్లి, ఎప్పటిలాగే ఆ ఒక్క మడి వదిలేశారు. విమానమంటే ఏమిటో పట్టని రైతులు మా కోసం ఒక మడి వదిలారు. మా సంఘం ఒక్క పూట వదల్లేకపోయింది. ఆఫీసుల చుట్టూ నేనే తిరిగి అనుమతి తెచ్చాను. కార్యదర్శి అన్నంత కష్టమేమీ కాలేదు. పాత తేదీకే ఇద్దరం వెళ్ళాం. మా ఆవిడ ఉప్మా కట్టి ఇచ్చింది.

నిరుడు కూలినవాడే ముందు కాబట్టి బావ రిమోట్ పట్టుకున్నాడు. విమానం ముక్కుకి ఎర్ర రంగు వేసుకొచ్చాడు, బాగా కనబడుతుందని. అయినా కాస్త పైకి లేచేసరికి అతనికి ఆకాశం తప్ప ఏమీ కనబడడం లేదు. నేను వెనకాలే నిలబడి వత్తంది, ఎల్తంది అని అతని మాటల్లోనే చెబుతూ వచ్చాను. రెండు చుట్లు చక్కగా తిప్పాడు. దింపే సమయానికి చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"ఇప్పుడు సెప్పకు. నాను సూత్తాను."

ఒక అడుగు వెనక్కి వేశాను. విమానం మడి మీదికి తిన్నగానే దిగుతూ వచ్చింది. చివరి క్షణంలో పక్కకు తిరిగి గట్టుకు కొట్టుకుంది. రెక్క విరిగిన చప్పుడు ఇద్దరికీ వినబడింది.

నా కోపమంతా మళ్ళీ లేచింది. కార్యదర్శిని తిట్టాను, ఆ బోర్డుని తిట్టాను, గాలిని కూడా తిట్టాను. బావ ఆ గట్టుకేసే చూస్తూ, నేను అలిసిపోయేదాకా ఆగాడు.

"కూలింది కదా బావ. మరి రూలు పెకారం వచ్చే ఏడు ముందు ఎగరేసేది నానే," అన్నాడు.

అవును, నువ్వే అన్నాను. ఇద్దరం గట్టు దగ్గరికి వెళ్ళి ముక్కలు ఏరుకున్నాం.