లాకుల దగ్గర మూడో మనిషి

పోయిన ఫిబ్రవరి ఆఖరి ఆదివారం, మధ్యాహ్నం సరిగ్గా మూడు గంటలకు, నేను కాలువ లాకుల దగ్గర రేకుల షెడ్డు కింద నిలబడి ఉన్నాను. ఆ గంటకు అక్కడే ఉండమని పొద్దున్న ఫోను చెప్పింది.

ఎందుకో చెప్పాలి. కడియం చుట్టుపక్కల నాలాంటి చిన్న మొక్కలవాళ్ళం కొందరం ఒక సంఘంగా ఉన్నాం. ఇంటి వెనక కౌలుకు తీసుకున్న నేలచెక్కలో నాకు రెండు వరసల గులాబీ అంట్లు ఉన్నాయి. లారీ ఎప్పుడు కట్టాలి, ఎవరి మొక్కలు ముందు ఎక్కాలి అన్నది ఓట్లతో తేల్చుకుంటాం. ఈ సంఘానికి ఆఫీసు లేదు, ప్రెసిడెంటు లేడు. బ్లాక్‌చెయిన్ అంటారు. లెక్క ఒకరి బీరువాలో కాకుండా అందరి ఫోన్లలోనూ ఉంటుంది; ఒకరు దిద్దితే మిగతా ఫోన్లు ఒప్పుకోవు. అంతవరకు బాగానే ఉంది. కానీ గుమస్తా లేనిచోట ఎవరు నిజం మనిషో, ఎవరు ఉత్త పేరో చెప్పేదెవరు? ఒకడే పది ఫోన్లు కొని పది ఓట్లు వేసుకుంటే?

అందుకని నెలకొకసారి అందరం ఒకే గంటకు తలా ఒక చోట కనిపించాలి. ఎవరు ఎక్కడికి వెళ్ళాలో చీటీ తీసినట్టు ఫోనే తీస్తుంది. ఒక మనిషి ఒకే వేళకు రెండు చోట్ల ఉండలేడు కదా. కార్డులు అడగరు. వచ్చినవాళ్ళు ఒకరి ఫోను ఒకరు స్కాన్ చేసి, ఎదుటి మనిషిని చూశానని నొక్కాలి. ఒక్కోచోట కనీసం ముగ్గురు తేలాలి. తేలకపోతే వచ్చినవాళ్ళ పేర్లు కూడా పోతాయి. మళ్ళీ చేరాలంటే లోపలున్నవాళ్ళెవరో చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి. నన్ను చేర్చిన అమ్మాయి తనే మానేసింది. నాకు ఇంకెవరూ తెలియదు.

ఉన్నదున్నట్టు రాస్తాను. ఆ సంఘం వల్ల నాకు పెద్దగా మిగిలిందేమీ లేదు. నెలకొకసారి ఎవరో ఒక కొత్త మనిషి నా మొహం వంక సరిగా చూసి, ఈ మనిషి ఉంది అని ఒప్పుకునేవారు. మా ఆయన పోయాక ఇంట్లో ఆ పని చేసేవాళ్ళు లేరు. చర్చిలో వందనాలు చెబుతారు. చెబుతూనే నా వెనకున్నవాళ్ళను చూస్తారు. నా నోరు మంచిది కాదు, అది నాకూ తెలుసు. అందుకే ఆ ఆదివారం కోసం ఇస్త్రీ చీర తీసి పెట్టుకునేదాన్ని.

లాకుల దగ్గర పడినవి నాలుగు ఫోన్లు. మూడు గంటలకు వచ్చింది ఒక్క ముసలాయన. గోదారి లంకల్లో కనకాంబరాలు వేస్తాడట. నమస్కారం పెట్టి, అరుగు మీద కూర్చుని, జేబులోంచి రెండు ఫోన్లు తీసి పక్కపక్కన పెట్టాడు. ఒకదానికి ఎర్ర కవరు ఉంది. అదెవరిదని అడిగాను. తన ఇంటావిడదన్నాడు. ఆవిడేరీ అన్నాను. ఒంట్లో బాలేదన్నాడు. అయితే రానట్టే కదా అన్నాను. ఆయన కాలువలోకి చూస్తూ కూర్చున్నాడు.

"పోయిన వారమే పెద్దకర్మ అయ్యిందండి," అన్నాడు చివరికి.

ఆయనే చెప్పుకొచ్చాడు. ఆవిడ బతికుండగా ఇద్దరికీ ఏనాడూ ఒకే చోటు పడలేదట. ఆవిడొక దిక్కు, ఈయనొక దిక్కు. సాయంత్రం ఇంటికి చేరాక ఎవరికి ఎవరు తగిలారో చెప్పుకునేవారట. ఆవిడ ఆ మనుషుల నడకలు, మాటలు చేసి చూపించి నవ్వించేదట. ఈ పొద్దున్నే మొదటిసారి రెండు ఫోన్లకూ లాకులు పడ్డాయి.

"రేషన్లో తీసేశారండి. బ్యాంకోళ్ళు తీసేశారు. ఇక్కడ తీసేసేవోడే లేడు కదండీ. ఇదొక్కదాంట్లో ఉంటదండి."

రెండు ఓట్ల కోసమా అని అడిగాను. అలా అడగకుండా ఉండడం నాకు చేతకాదు. ఆయనకు కోపం రాలేదు.

"ఆయ్, నేనెయ్యనండి. దాని ఓటు అదెప్పుడు నన్నెయ్యనిచ్చింది గనక."

నాలుగో మనిషి కోసం రోడ్డు వైపు చూశాను. మొక్కల లారీలు పోతున్నాయి గాని ఎవరూ దిగలేదు. గడువు ముగిసే వేళ దగ్గరపడింది. ఆయన్ని చూశానని నొక్కాను. ఆయన నన్ను చూశానని నొక్కాడు. ఎర్ర కవరు ఫోను నా ముందుకు జరిపాడు. స్కాన్ చేస్తే నా ఫోనులో అక్షరాలు వచ్చాయి. నేను అరవై దాటాక చర్చి వరండాలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని. కూడబలుక్కుని గాని చదవలేను. 'ఈ మనిషిని మీరు ఇప్పుడు, ఇక్కడ, కళ్ళారా చూశారా?' కింద రెండు గడులు. చూశాను. చూడలేదు.

"ముగ్గురు తేలకపోతే మీది కూడా పోద్దండి," అన్నాడు. బెదిరింపుగా కాదు, జాలిగానే అన్నాడు.

"నేను చూడలేదు కదండీ."

"నొక్కితే ఎవరికి నష్టమండి?"

ఎవరికీ లేదు. అది ఇద్దరికీ తెలుసు. కానీ చదువు రాని రోజుల్లో, ఏం రాసుందో తెలియకుండానే ఎన్నో కాగితాల మీద వేలిముద్ర వేశాను. చదివి, కాదని తెలిసినదాని మీద మాత్రం వేలు పెట్టలేను. చూడలేదు అన్నదే నొక్కాను.

కాసేపటికి మా ముగ్గురి పేర్ల పక్కనా సంఘంలో ఉన్నట్టు గుర్తుగా ఉండే ఆకుపచ్చ చుక్క పోయింది. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. ఎర్ర కవరు ఫోనును కండువాతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు. మీ ఆవిడ ఎలా ఉండేవారండీ అని అడిగాను.

"ఇప్పుడెందుకులెండి," అని సైకిలెక్కి గట్టు మీదుగా వెళ్ళిపోయాడు.

మార్చి ఆఖరి ఆదివారం ఫోను తీసి చూశాను. నాకు ఏ చోటూ పడలేదు. గులాబీ అంట్లకు నీళ్ళు పెట్టి, అన్నం తిని పడుకున్నాను. మొక్కలు ఇప్పుడు పక్క నర్సరీవాళ్ళకే అమ్ముతున్నాను. వాళ్ళు కుండీలు చూసుకుంటారు గాని మనిషిని చూడరు. మళ్ళీ ఆ ప్రశ్నే అడిగితే నేను మళ్ళీ అదే నొక్కుతాను.

కళ్ళారా చూసి చెబుతున్నాను, ఆ రోజు మూడు గంటలకు లాకుల దగ్గర ఉన్నవాళ్ళు వీళ్ళు: నేను. ఆ ముసలాయన. కాలువలో గేదెను కడుగుతున్న ఒకతను. బడ్డీలో సోడాలమ్మే ఆవిడ. ఇంకెవరూ లేరు.