చూడని నది పాట

నీటి నమూనాలను పరీక్షించడం నా వృత్తి. సీసా మీద ఏమి రాసి ఉన్నా, లోపల ఏముందో తేలనిదే సంతకం చేయను. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చి మా అమ్మాయికీ అబ్బింది.

కరోనా ఆంక్షలు సడలి బడులు తిరిగి నిండిన ఏడాది అది. దుబాయ్‌లోని అల్ కుసైస్‌లో మా అమ్మాయి చదివే బడిలో బృందగానం మళ్లీ మొదలైంది. సంగీతం టీచర్‌ది ఘనా దేశం. చిన్ననాట తాను నేర్చుకున్న దేశభక్తి గీతాన్ని సాంస్కృతిక దినోత్సవానికి ఎంచుకున్నారు. అందులో ఒక గొంతు ముందుగా పిలుస్తుంది. మిగిలిన పిల్లలు బదులిస్తారు. పిలిచే గొంతు మా అమ్మాయి స్నేహితురాలిది. ఆ పిల్లదీ ఘనాయే. తండ్రి ఉద్యోగం పోవడంతో, ఉత్సవం కాగానే ఆ కుటుంబం దుబాయ్ విడిచి స్వదేశానికి వెళ్లవలసి ఉంది.

టీచర్ పాటకు అర్థం చెప్పిన రోజున మా అమ్మాయి ఇంటికి వచ్చి, పాడనని మొండికేసింది.

"మా నది, మా ఎర్రమట్టి అని ఉంది మమ్మీ అందుల. నేను ఆ నదినే చూడలే. మాది అని ఎట్ల పాడాలె?"

మా ఆయన నవ్వారు. "నీ బిడ్డే గదా! ల్యాబ్ రిపోర్టు లేంది పాట గూడ పాడదు."

"రోజూ పొద్దున అసెంబ్లీల అరబ్బీ జాతీయగీతం పాడుతలేవా?" అని అడిగాను.

"ఈ దేశంల ఉంటున్న గదా. రోజూ చూస్తున్న."

ఆ వాదనలో నాకు దోషం దొరకలేదు.

సంగతి తెలిసి మర్నాడు స్నేహితురాలు మా ఇంటికి వచ్చింది. ఇద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నారు. నేను పక్కనే కూరగాయలు తరుగుతున్నాను.

"నువ్వు చూశావా ఆ నది?" అని మా అమ్మాయి నిలదీసింది.

"లేదు. నేనూ నీలాగే ఇక్కడే పుట్టానుగా."

"మరి ఉందని ఎలా తెలుసు?"

"తెలీదు. అక్కడ నాకు ఎవరూ తెలీదు. ఇక్కడ అంతా ఖలాస్, అయిపోయింది అంటాడు నాన్న. స్టేజి మీద నేను పిలిచినప్పుడు నీ గొంతు వినపడకపోతే నాకు భయమేస్తుంది."

మా అమ్మాయి నా వైపు చూసింది. ఇటువంటి దానికి నా దగ్గర పరీక్ష లేదు. కత్తి పక్కన పెట్టాను.

"వెళ్లాక చూసి చెప్తావా?" అని అడిగింది చివరికి.

"చెప్తా."

"లేకపోతే లేదనే చెప్పాలి."

"లేదనే చెప్తా."

"అయితే పాడతా."

ఉత్సవంలో పిలుపు వణుకుతూ మొదలైంది. బదులు వచ్చిన తరువాత కుదుటపడింది. ఆ పాట వారిని కలిపిందని ఎవరైనా అంటే నేను ఆధారం అడుగుతాను. వణుకు తగ్గడం మాత్రం స్వయంగా విన్నాను.

వాళ్లు వెళ్లిపోయారు. కబురు లేదు. బడి నుంచి రాగానే నా ఫోన్ చూడడం మా అమ్మాయికి అలవాటయింది. ఆ ఆశ ఇక వదులుకోమని చెప్పబోతున్న రోజుల్లో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది.

"నది ఉంది. పాటలో చెప్పినంత పెద్దది కాదు. మట్టి ఎర్రగానే ఉంది. బడిలో ఇంకా ఎవరూ నాతో మాట్లాడటం లేదు."

ఆ వెంటనే, పాటలోని పిలుపు. ఒక్క పాదమే. తరువాత నిశ్శబ్దం.

మా అమ్మాయి ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని, నిలబడి, బదులు పాడింది.