గేటు ఎదుటి జిరాక్సు

జిరాక్సు బాబాయి ఇప్పటికీ పదింటికల్లా షట్టరు ఎత్తుతాడు. మిషను అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, కాగితాల కట్టని రెండుసార్లు విదిలించి ట్రేలో పెట్టి, రోడ్డుకి అవతలున్న రిజిస్ట్రేషన్ ఆఫీసు గేటుకేసి చూస్తూ కూర్చుంటాడు. ఆ గేటుకి ముప్ఫై అడుగుల్లో కొట్టు దొరికిన రోజున "నీ పంట పండింది బావా!" అన్నాడు బావమరిది. పండింది కూడా. ఇరవయ్యేళ్ళు తలెత్తే తీరిక ఉండేది కాదు. అదే మిషను, అదే మనిషి. ఆఫీసు మాత్రం నాలుగు నెలల కిందట ఊరికి ఆ చివరికి వెళ్ళిపోయింది. అక్కడి కొట్ల అద్దె అతనికి అందేది కాదు. ఇప్పుడు అతని దగ్గరికి వచ్చేది ఆఫీసు మారిన సంగతి తెలియనివాళ్ళే.

నిన్న ఒకావిడ చంటిబిడ్డని చంకనేసుకుని వచ్చింది. పత్రాలన్నీ మూడేసి కాపీలు తీసి, అంచులు సరిచేసి, పిన్ను కొట్టి ఇచ్చాడు. ఆవిడ రోడ్డు దాటి, గేటుకున్న తాళం చూసి, వెనక్కొచ్చింది.

"ఆఫీసు ఇక్కడ లేదమ్మా. ఊరికి ఆ చివర పెట్టారు," అన్నాడు తల వంచుకుని.

"ముందే చెప్పొచ్చుగా బాబాయ్! ఉన్న బస్సు కాస్తా వెళ్ళిపోయింది."

అతను స్టూలు జరిపి, ఫ్యాను ఆవిడవైపు తిప్పాడు.

"గేటుకి ఓ కాగితం ముక్కయినా అంటించలేదేం వాళ్ళు?" అందావిడ, బిడ్డ మెడ తుడుస్తూ.

"ఏమోనమ్మా," అన్నాడు.

అంటించారు. ఆ కాగితం అతని సొరుగులోనే ఉంది. ఎంతైనా కాగితాలతో బతికిన మనిషి, మూల కూడా చిరగకుండా ఊడదీశాడు.