మాదేవక్క రాసిన రేసుల చార్టు

బళ్ళారి దగ్గర కురుగోడు బస్టాండులో కంట్రోలర్ కిటికీ వెనక కూర్చునే మాదేవి అంటే డ్రైవర్లకు కూడా కాస్త బెరుకే. "యాడుండాదప్పా కంప్లి బండి? పది నిమిషాలు లేటు" అని ఆమె అడిగిందంటే ఆరడుగుల మనిషి కూడా నీళ్ళు నములుతాడు. నలభైకి దగ్గర పడిన మనిషి, సన్నటి గొంతు, ముక్కు మీద కోపం. ఏ బండి ఏ పూట ఏ ఊళ్ళో ఉంటుందో కాగితం చూడకుండా చెబుతుంది. ఆమెకు భయమనేది తెలియదని బస్టాండంతా అనుకుంటుంది. వాళ్ళకేం తెలుసు! పెళ్ళయిన పదకొండేళ్ళూ ఆమె భయంతోనే కాపురం చేసింది. మొగుడు ఉరుకుందప్ప సైకిల్ రేసులు తొక్కుతాడు మరి.

సరదాకు తొక్కేవాడు కాదు, అదే అతని బతుకుదెరువు. పదిహేనో ఏట జాతరలో అరువు సైకిలు మీద గెలిచిన దగ్గర్నుంచి ఇప్పుడు ముప్పై తొమ్మిదో ఏడు దాకా వేరే పని ఎరగడు. హుబ్బళ్ళిలో ఒక క్లబ్బు అతన్ని జట్టులో పెట్టుకుని నెలనెలా జీతం ఇస్తుంది. "సైకిల్ తొక్కితే జీతమా?" అని పెళ్ళిచూపుల్లో మాదేవి మేనమామ నోరు తెరిచాడట. పేరులోనే ఉరుకుడు పెట్టుకున్నవాడు కుదురుగా కూర్చుంటాడా అని మాదేవి మాత్రం అప్పుడు నవ్వుకుంది. కాపురానికి వచ్చిన మూడో నెలలో ఆ నవ్వు ఎగిరిపోయింది. తోరణగల్లు రోడ్డు మీద ఖనిజం లారీ ఒకటి అతన్ని రాసుకుంటూ పోతే, మోచేయి తోలు లేచిపోయి ఇంటికి వచ్చాడు. ఆ రోజు నుంచి ఇంటి ముందు సైకిలు ఆగిన చప్పుడు వినేదాకా ఆమెకు ముద్ద దిగదు.

భయపడి ఊరుకునే రకమైతే ఆమె మాదేవి ఎందుకవుతుంది? పెళ్ళయిన ఏడాదే అతను పది రోజుల్లో మూడు రేసులు తొక్కి జ్వరంతో మంచం పట్టాడు. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఏమప్పా, మా డ్రైవర్లకు డ్యూటీ చార్టుంటాది. రెస్టు లేకుండా బండెక్కిస్తే నా ఉద్యోగం పోతాది. నీ కాళ్ళకు చార్టు లేదా? అడిగేవాళ్ళు లేరా?" అంది. అతను జ్వరంలోనే నవ్వాడు. మర్నాడే ఆమె డిపో కాగితం ఒకటి తెచ్చి గీతలు కొట్టింది. ఏ వారం ఎంత తొక్కాలి, ఏ రోజు పూర్తిగా పడుకోవాలి, ఏ రేసుకు పోవాలి, ఏ రేసును వదిలేయాలి, అన్నీ డ్యూటీ, రెస్టు, స్పేర్ అంటూ బస్సుల భాషలోనే రాసింది. ఆ ఏడాది ఉరుకుందప్ప అంతకు ముందెన్నడూ గెలవని రేసులు రెండు గెలిచాడు. అప్పట్నుంచి ఏటా చార్టు ఆమెదే. జట్టు మేనేజరు సిద్దేశ్, ఒకప్పుడు ఉరుకుందప్ప పక్కనే తొక్కినవాడు, ఏం అడగాలన్నా ఆమెకే ఫోను చేస్తాడు. ఆమె రాసిన దాన్ని ఉరుకుందప్ప దాటింది లేదు. చార్టులో రెస్టు అని ఉంటే సొంత అన్న పిలిచినా సైకిలు బయటికి తీయడు.

ఈ ఏడాది చార్టు దగ్గరే వచ్చింది చిక్కంతా.

దీపావళి ముందు ఒక సాయంత్రం ఉరుకుందప్ప సైకిలు కడుగుతూ కడుగుతూ చటుక్కున నేల మీద కూర్చుండిపోయాడు. చెయ్యి ఛాతీ మీద ఉంది. "ఏం లేదు, గ్యాసు" అన్నాడు. మాదేవి అతని మణికట్టు పట్టుకుని చూసింది. ఎండాకాలం కుళాయిలో నీళ్ళు వచ్చినట్టు నాడి కాసేపు కొట్టుకుని, ఆగి, మళ్ళీ దబదబా కొట్టుకుంది. ఆమె ఇంకోసారి లెక్కపెట్టి చూసింది. పైకి మాత్రం "గ్యాసైతే సోడా తాగల్ల, లేకుంటే డాక్టరుకు చూపించల్ల. ఊరికే కూచుంటే పోతాదా?" అని గద్దించి, మర్నాడే బళ్ళారి తీసుకుపోయింది.

ఆమె చిన్నాన్న కొడుకు హనుమేష్ అక్కడ ఒక గుండె డాక్టరు దగ్గర పరీక్షల గదిలో పనిచేస్తాడు. అతనే బావ ఛాతీకి వైర్లు అంటించి, నడుముకు చిన్న మిషను కట్టి, ఒక పగలూ ఒక రాత్రీ అట్లాగే ఉండమన్నాడు. రిపోర్టు డాక్టరు చూసి చెబుతాడనీ, నాలుగైదు రోజులు పడుతుందనీ అన్నాడు.

ఆ నాలుగైదు రోజులే ఆమెను తినేశాయి. సిద్దేశ్ ఫోను మీద ఫోను. "అక్కా, సోమవారం లోపల చార్టు బేకే బేకు, కావల్సిందే. ఈ ఏడాది ఉరుకుందప్పను జట్టులో పెట్టల్లంటే పెద్దోళ్ళు చార్టు చూస్తారు. మూడు లక్ష్యాలు రాయి, చాలు." జట్టులో అందరికంటే పెద్దవాడు ఉరుకుందప్ప. కుర్రవాళ్ళు అజ్జా, అంటే తాతా అని ఆటపట్టిస్తారు. ఈసారి చార్టు పేలవంగా ఉంటే ఇంటికి పంపేస్తారని మాదేవికి సిద్దేశ్ చెప్పకుండానే తెలుసు.

మొగుడూ పెళ్ళాలు వంటింట్లో కాగితం పరుచుకుని కూర్చున్నారు. జనవరిలో చదును రోడ్డు మీద పెద్ద రేసు, అందులో ఉరుకుందప్ప గెలవక్కర్లేదు, ముందు తొక్కుతూ జట్టు కుర్రవాడికి గాలి అడ్డం కాస్తే చాలు. అది మొదటి లక్ష్యం. మార్చిలో రాష్ట్రం పోటీ, అది మూడోది. నడిమిది ఫిబ్రవరిలో సండూరు కొండ రేసు. అది అతను రెండు సార్లు గెలిచిన రేసు. ఆ గడి దగ్గరికి వచ్చేసరికి మాదేవి పెన్ను ఆగిపోయింది.

"రాయవేమి?" అన్నాడు ఉరుకుందప్ప.

"రిపోర్టు రానీప్పా."

అతను లేచి నీళ్ళు తాగి వచ్చాడు.

మంగళవారం సాయంత్రం మాదేవి హనుమేష్‌కు వాట్సాప్‌లో రాసింది. బస్టాండులో రోజంతా కన్నడమే రాస్తుంది కాబట్టి చేతికి అదే వచ్చింది. కొండ రేసుకు పోతే "ఏనాదరూ ఆగుత్తా?", అంటే ఏమన్నా అవుతుందా అని అడిగింది. జవాబు లేదు. బుధవారమూ లేదు. గురువారం ఉండబట్టలేక ఈసారి ఇంటి తెలుగులో, "రిపోర్టు వచ్చిందా? డాక్టరు ఏమన్న్యాడు?" అని రాసి ఫోను సొరుగులో పెట్టింది. మధ్యాహ్నం తీసి చూస్తే ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే ఒక్క మాట ఉంది. ఆగల్ల.

కన్నడంలో ఆ మాటకు అర్థం, కాదు, ఏమీ జరగదు అని. మాదేవి కిటికీ మూసేసి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చేసింది. ఏమీ కాదట! ఆరోజు గంగావతి బండి డ్రైవరు ఇరవై నిమిషాలు లేటుగా వచ్చినా ఆమె ఏమీ అనకపోయేసరికి, ఒంట్లో బాగాలేదా అక్కా అని అతనే అడిగాడు.

ఆ సాయంత్రమే నడిమి గడి నింపింది. రేసు పేరు పెద్ద అక్షరాల్లో రాసి, దాని ముందు వరసగా ప్రతి ఆదివారం కొండ డ్యూటీ వేసింది. సండూరు కొండను మూడు సార్లు ఎక్కి దిగాలి.

"రాస్తివా?" అన్నాడు ఉరుకుందప్ప.

"రాస్తిని. ఏమీ కాదన్న్యాడంట డాక్టరు."

అతను కాగితం వంక చాలా సేపు చూశాడు. సంతోషంతో మాట రాలేదనుకుంది మాదేవి.

ఆదివారం పొద్దున ఆరున్నరకు అతను బయలుదేరాడు. ఆమెకూ డ్యూటీ ఉంది. ఎనిమిదిన్నర వేళ హనుమేష్ ఫోను చేశాడు.

"అక్కా, బావ ఏం చేస్తాండాడు? పడుకోనుండాడా?"

"పడుకునేదేంది? కొండకు పోయినాడు, ప్రాక్టీసుకు."

"యాడికి పోయినాడూ? అక్కా, నేను రాసినా గదా!"

"రాసినావు గదా, ఏమీ కాదని."

"నేనెప్పుడు రాసినా అట్లా? డాక్టరేమన్న్యాడని నువ్వు అడిగితివి. ఆగల్ల అని రాసినా! సైకిలు ఆపల్ల, ఆగల్ల అక్కా! డాక్టరు ముట్టుకోనే కూడదన్న్యాడు. గుండె కొట్టుకునేది మూడు సెకండ్లు ఆగిపోతాండాది నిద్రలో. నీకు అర్థమయింటాది, శుక్రవారం తీసుకొస్తావు అని నేను..."

మాదేవికి ఆ తర్వాత మాటలు వినబడలేదు. ఇంట్లో రోజుకు వందసార్లు అనే మాట. పోవల్ల, తినల్ల, పడుకోల్ల, ఆగల్ల, అంటే ఆగాలి. పుట్టినప్పటి నుంచి తన నోట్లో నానిన తెలుగు. దాన్ని కన్నడంగా చదువుకుంది. ఎందుకు చదువుకుందో కూడా ఆ క్షణంలోనే ఆమెకు తెలిసిపోయింది. అట్లా చదవాలని ఉంది కాబట్టి చదివింది. ఆ హనుమేష్ మాత్రం! మనిషి ప్రాణం సంగతి ఒక్క మాటలో రాసి చేతులు దులుపుకుంటాడా ఎవడైనా? ఒక ఫోను చేస్తే వేళ్ళు అరిగిపోతాయా?

ఉరుకుందప్పకు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. తొక్కేటప్పుడు ఎత్తడు. ఎత్తకూడదని నియమం పెట్టింది కూడా తనే.

ఆమె కళ్ళు మూసుకుంది. ఎనిమిదీ ముప్పై అయిదు. ఆరున్నరకు బయలుదేరినవాడు ఎనిమిదికి కూరెకుప్ప దాటుతాడు, టీ తాగుతాడు, ఈపాటికి కొండ మొదలుపెట్టి ఉంటాడు. ఏడుంబావుకు ఇక్కడ వదిలిన సండూరు బండి ఇప్పుడు తోరణగల్లులో ఉండాలి. ఆ బండి కండక్టరు పంపమ్మ. రెండు సార్లు తప్పు నంబరు నొక్కింది.

"పంపమ్మా, మాదేవిని. కొండ రోడ్డులో మా ఆయప్ప పసుపు బనీను వేసుకుని సైకిలు తొక్కుతాంటాడు. బండి అడ్డం పెట్టయినా సరే ఆపు. ఎక్కించుకో. ఎందుకని అడగొద్దు తల్లీ."

"అట్లనేక్కా" అంది పంపమ్మ.

ఆ తర్వాత ఇరవై అయిదు నిమిషాలు ఎట్లా గడిచాయో దేవుడికే ఎరుక. కిటికీ ముందు జనం నిలబడి అడుగుతూనే ఉన్నారు. మైకులో బళ్ళారి బండిని సిరుగుప్ప బండి అని చెప్పింది. ఒక ముసలాయన ఎక్కి, దిగి, తిట్టుకుంటూ పోయాడు. తొమ్మిదికి పంపమ్మ ఫోను చేసింది. "కొండ కింద యాడా లేడక్కా. పైకి పోతాండాము." మాదేవి గోడకు ఆనుకుంది. వెయ్యి మొక్కులు నోటికి వచ్చాయి, ఒక్కటీ పూర్తి కాలేదు. నా చేత్తో రాసినా, నా చేత్తో రాసి పంపినా అనే మాటే లోపల గిరగిరా తిరుగుతోంది.

తొమ్మిదీ పది.

"దొరికినాడక్కా! మూడో మలుపులో రాయి మీద కూచోనుండాడు. సైకిలు పక్కన పడుండాది. చెమటలు కారిపోతాండాయి గానీ మాట్లాడతాండాడు. ఎదురుగా బళ్ళారి కారొకటి వస్తే ఆపి, అందులో ఎక్కించినా. ఆస్పత్రికే పొమ్మన్న్యా."

ఆమె బళ్ళారి చేరేసరికి ఉరుకుందప్ప మంచం మీద పడుకుని ఉన్నాడు. మళ్ళీ ఛాతీ నిండా వైర్లు. వేళకు వచ్చాడనీ, ఛాతీలో గుండెను నడిపించే చిన్న మిషను పెట్టి పంపిస్తాననీ, మళ్ళీ రేసు మాట ఎత్తవద్దనీ డాక్టరు చెప్పి పోయాడు. హనుమేష్ గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. అతన్ని తిట్టే ఓపిక ఆమెకు లేదు.

"తప్పు నాదేప్పా" అంది. "మాట తప్పు చదివినా. చంపినంత పని చేసినా నిన్ను."

ఉరుకుందప్ప తల అడ్డంగా ఊపాడు. "నాకూ తెలుస్తానే ఉండె మాదేవీ. నెల నుంచి ఎత్తు ఎక్కితే లోపల ఏదో జారినట్టుండె. ఆ పొద్దు నువ్వు కొండ రాస్తే ప్రాణం జల్లుమనె."

"మరి నోరు తెరిచి చెప్పల్ల గదా!"

"నువ్వు రాసినావు గదా. నువ్వు చూడకుండా రాయవు గదా. నా గుండె కంటే నీ చార్టు మీదే నాకు నమ్మకం. పొద్దున కొండ కింద కాళ్ళు వణికినాయి. మాదేవి రాసింది, ఏం కాదు అని ఎక్కినా."

సొంత గుండె చెప్పింది కాదని తన గీతల్ని నమ్మాడు ఈ మనిషి. ఇన్నాళ్ళూ లారీలను చూసి భయపడింది గానీ, తన చేతి రాతను చూసి భయపడాలని మాదేవికి ఎన్నడూ తోచలేదు.

సిద్దేశ్ ఫోను మోగింది. ఆమె లేచి బయటికి పోయి రెండే మాటల్లో చెప్పింది. అతను "మనిషి దక్కినాడు, అది సాకు, అది చాలు అక్కా" అని పెట్టేశాడు.

లోపలికి వచ్చేసరికి ఉరుకుందప్ప పైకప్పు వంక చూస్తున్నాడు. పడినప్పుడు, ఓడినప్పుడు కూడా అతని కళ్ళలో లేని బెదురు ఇప్పుడు కనబడింది.

"మాదేవీ" అన్నాడు. "ఇంటికి పోయినాక పొద్దున్నే లేస్తా గదా. లేచి నేనేం చెయ్యల్ల?"

ఆమె నోరు తెరిచింది. ఏ బండి ఎక్కడుందో, ఏ మనిషి ఏ పూట ఏం చేయాలో అడిగిన మరుక్షణం చెప్పే మాదేవికి ఒక్క మాట కూడా రాలేదు. మంచం అంచున కూర్చుని అతని చెయ్యి తన ఒడిలోకి తీసుకుంది. అతను జవాబు కోసం ఆమె మొహంలోకే చూస్తున్నాడు.