వీరబాబు గారి పద్దెనిమిదో బట్టీ

పినపాక చుట్టుపక్కల పాత సారా బట్టీలు ఎక్కడెక్కడ ఉండేవో తెలుసుకోవాలంటే రెండు దారులు. ఒకటి, అడవిలో కాలిన రాళ్ళు వెతుక్కుంటూ తిరగడం. రెండు, వీరబాబు గారి అరుగు మీద కూర్చుని ఆయన ఆగేదాకా వినడం. మొదటిదే తొందరగా అవుతుంది. కాకపోతే అడవిలో టీ ఇచ్చేవాళ్ళుండరు కాబట్టి నేను రెండోది ఎంచుకున్నాను.

వీరబాబు గారిది పెనుబల్లి. ఇరవై రెండో ఏట ఆబ్కారీ జవానుగా ఈ అడవి అంచుకు వచ్చి, ముప్పై ఆరేళ్ళు దొంగ సారా కుండలు పగలగొట్టి, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయారు. పట్టుకున్న బట్టీలను వదిలి రాలేకపోతున్నారని ఆయన భార్య నిర్మలాదేవి గారు అంటారు. ఆ బట్టీలు మొత్తం పదిహేడు. ఊరి చరిత్ర రాద్దామని నేను నోటుబుక్కులో మూడు గళ్ళు గీసుకుని వెళ్ళాను: చోటు, సంవత్సరం, ఇప్పుడు అక్కడ ఏముంది. అవి చాలవని 'పట్టుకున్నది ఎవరు' అనే నాలుగో గడి ఆయనే గీయించారు. పదిహేడు వరసల్లోనూ ఒకే పేరు. 'పైదే' అని చుక్కలు పెడితే ఒప్పుకోలేదు.

ఆ చోట్లన్నీ దగ్గరుండి చూపించారు. ఒకటి సెల్ టవర్ కిందికి పోయింది. ఇంకొకటి బొగ్గు లారీలు తూచే వే బ్రిడ్జి కింద ఉంది. మూడు నాలుగు జామాయిల్ తోటల్లో కలిసిపోయాయి. వాగు పక్కన ఒక చోట ఆగి, చేతికర్రతో పైమట్టి గీకారు.

"చూడు తల్లీ. పొయ్యి కాలిన మట్టి నలభై ఏళ్ళయినా ఎర్రగానే ఉంటుంది. కానీ ఎర్రమట్టి చూసి మోసపోకూడదు, వంట పొయ్యి కూడా కావచ్చు. పక్కనే ఇప్పపువ్వు నానబెట్టే గొయ్యి ఉండాలి, గోతిలో కుండ మెడ ఉండాలి. అప్పుడే రాసుకోవాలి."

ఇంత తెలిసిన మనిషికి ఒక్కటే బాధ. "ఇన్ని బట్టీలు పట్టినవాణ్ణి, ఒక్క చుక్క నాలిక మీద వేసుకోలేదు" అని ఆయన అన్నప్పుడల్లా వంటింట్లోంచి ఒకే మాట వినిపిస్తుంది.

"మీ చొక్కా అట్లా చెప్పలేదే!"

నిర్మలాదేవి గారు కాపురానికి వచ్చిన మొదటి వానాకాలంలో, చాకిరేవు నుంచి ఉతికి వచ్చిన ఖాకీ చొక్కా మడత విప్పితే ఇప్పసారా వాసన వచ్చిందట. వారం వారం అదే వాసన. ఉతికినా పోనంతగా తాగుతున్నాడని ఆవిడ తీర్మానించుకున్నారు. ఆయన భద్రాచలం తీసుకెళ్ళి రాముడి ముందు ప్రమాణం చేశారు. "రాముడికేం తెలుసు, ఆయనెప్పుడైనా మీ చొక్కా మడత విప్పాడా?" అన్నారట ఆవిడ. ఇప్పటికీ ఆయన పెళ్ళికో పేరంటానికో వెళ్ళివస్తే గుమ్మంలో ఆగి భుజం వంచాలి. ఆవిడ వాసన చూసి తల ఊపాకే లోపలికి అడుగు.

"బయట పదిహేడు బట్టీల వీరబాబుని" అన్నారాయన ఒకరోజు, వంటింటి వైపు చూసి గొంతు తగ్గించి. "ఇంట్లో తాగుబోతునే తల్లీ. పోయేలోపు ఆ ఒక్క మాట ఆవిడ వెనక్కి తీసుకుంటే చాలు."

ఇంకో సంగతి కూడా ఆయనకు గిట్టదు. ఎవరూ పట్టుకోని పద్దెనిమిదో బట్టీ ఒకటుండేదనీ, అన్నింటిలోకి దాని సారాయే మేలనీ ఊళ్ళో ముసలివాళ్ళు లొట్టలు వేస్తూ చెబుతారు. "పుకారు. ఉంటే నేను పట్టుకోనా?" అని కొట్టిపారేస్తారు.

మొన్న మాఘంలో నిర్మలాదేవి గారు చీరలు ఇస్త్రీకి ఇవ్వడానికి రామక్క ఇంటికి బయలుదేరితే మేమిద్దరం వెంట వెళ్ళాం. రామక్క ఒకప్పుడు ఊరి బట్టలన్నీ వాగు దగ్గరి చాకిరేవులో ఉతికేది. ఇప్పుడు ఇంటి ముందు రేకుల కింద బల్ల వేసుకుని ఇస్త్రీ చేస్తోంది. నా చేతిలో నోటుబుక్కు చూసింది.

"ఏంది జవాను సారూ, గీ వయసుల మల్ల తనిఖీలా?"

"తనిఖీ కాదు రామక్కా, చరిత్ర. పద్దెనిమిదో బట్టీ అంతా పుకారని ఈ అమ్మాయికి నువ్వైనా చెప్పు."

రామక్క ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టింది. నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా ఇంటాయన పోయి పదేండ్లాయె. ఇగ ఎవర్ని పట్టుకపోతరు? అది మాదే సారూ. రేవుల ఉండె."

"అబద్ధం! వారం వారం ఆ రేవుకొచ్చేవాణ్ణి. నీ నల్లబండ మీద కూర్చునే గస్తీ పుస్తకం రాసుకునేవాణ్ణి."

"అవ్. ఆ బండ యెనకనే గొయ్యి. నువ్వు రాసుకునేటోనివి, మేము నీకు నీళ్ళు తెచ్చిచ్చేటోళ్ళం."

"మరి పొగ?"

"బట్టలుడకబెట్టే బాన పక్కనే ఇంకో బాన. ఏది ఏ పొగనో ఎవరు జూస్తరు?"

"ఇప్పపువ్వు నానితే వచ్చే వాసనో?"

"కుండల మీద ఊరోళ్ళ మైలబట్టల మూటలు పెడ్తుంటి. మీ స్టేషను పెద్దసారు ఒక్కపారి లాఠీ ఎత్తిండు. 'అన్నీ మైలబట్టలే సారూ, మీ ఇంటియి గూడ ఉన్నయి' అన్న. లాఠీ గూడ ముట్టిచ్చకుండ మర్లిపోయిండు."

వీరబాబు గారి మొహం పాలిపోయింది. రామక్క మాత్రం ఆగలేదు.

"వానలల్ల నీ ఖాకీతోనే నాకు తిప్పలు సారూ. మందం బట్టాయె, జల్దీ ఆరకపోయేది. సారా దించే పొయ్యి మీద దండెం గట్టి, ఆ ఎచ్చకు ఆరేస్తుంటి."

చీరల మూట విప్పుతున్న నిర్మలాదేవి గారి చేతులు ఆగిపోయాయి. నేను నోటుబుక్కులోకి తల దించుకున్నాను.

"ఏవండీ" అన్నారావిడ నెమ్మదిగా. "రామక్క చెప్పేది నిజమేనా?"

అబద్ధమంటే పదిహేడు బట్టీల పేరు దక్కుతుంది, తాగుబోతు పేరూ మిగులుతుంది. నిజమంటే చొక్కా కడిగినట్టవుతుంది. కానీ ముప్పై ఆరేళ్ళు బట్టీ పక్కన కూర్చుని బట్టీ కోసం వెతికిన జవాను అవుతాడు. వీరబాబు గారు చేతికర్ర అందుకున్నారు. "ఒకసారి చూడాలి" అన్నారు.

రేవు ఆ ఇంటి వెనకే. నలుగురం నడిచి వెళ్ళాం. నల్లబండ వెనక ముళ్ళకంప తొలగించి, ఆయన కర్రతో గీకారు. ఎర్రమట్టి కనిపించింది. ఆయన ముఖంలో కొంచెం ఆశ కూడా కనిపించింది. "బట్టలుడికించిన పొయ్యి కావచ్చుగా" అన్నారు. ఇంకో జానెడు పక్కకు గీకారు. మట్టి మెత్తగా లోపలికి దిగింది. గొయ్యి. అందులోంచి నల్లటి కుండ మెడ ఒకటి పైకి లేచింది. పగలగొట్టిన కుండ కాదు, దానంతట అదే మెల్లగా అరిగిపోయిన కుండ.

ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, బండ మీద తన పాతచోట్లోనే కూర్చున్నారు.

"నిజమే నిర్మలా."

ఆవిడ పక్కకు వచ్చి నిలబడ్డారు.

"అయితే ఇన్నేళ్ళూ మీరు తాగలేదన్నమాట."

"చుక్క కూడా."

"మరి అరుగు మీద ఆ మాటలన్నీ తాగకుండానే మాట్లాడారా?"

రామక్క పడీపడీ నవ్వింది. కాసేపటికి వీరబాబు గారు కూడా నవ్వారు. తర్వాత గొంతు సవరించుకుని నా వైపు తిరిగారు, డ్యూటీ మనిషిలాగా.

"రాసుకో తల్లీ. పద్దెనిమిది. చోటు, చాకిరేవు. ఇప్పుడు అక్కడ ముళ్ళకంప."

రాశాను. నాలుగో గడి దగ్గర కలం ఆపాను. అలవాటు పేరు రాయాలో, గీత పెట్టాలో తెలియలేదు.

"నిర్మలాదేవి అని రాయి" అన్నారాయన. "మా స్టేషను స్టేషనంతా పసిగట్టలేనిది, కాపురానికొచ్చిన మొదటి ఏడే పట్టేసింది."

ఆవిడ నోటుబుక్కును నా చేతిలోంచి లాక్కుని ఆ వరసను రెండుసార్లు చదివారు. ఇంటికి చేరాక ఆయన అలవాటుగా గుమ్మంలో ఆగి భుజం వంచారు.

"రండి, రండి" అన్నారావిడ, ఆగకుండా లోపలికి వెళ్ళిపోతూ.